పాత పడవ కొనేముందు సర్వే నివేదికను చదవడం ఎలా?



డెలానీపూర్‌లో ఉండే మీకు పడవలు కొత్త కాదు. దగ్గరలోనే ఫీనిక్స్ బే రేవు, డాక్‌యార్డు ఉన్నాయి. ఒకరు వాడిన తెరచాప పడవను కొనేవారు ముందుగా సర్వేయర్‌తో పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్ష అసంపూర్ణంగా ఉంటే ఏం చెయ్యాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నివేదికలో "పడవ మంచి స్థితిలో ఉంది" అని రాశారనుకోండి. పడవ నీటిలో ఉండగానే చూశారని కూడా అందులో ఉంది. అంటే అడుగుభాగాన్ని ఎవరూ చూడలేదన్నమాట. "లోపం కనబడలేదు" అన్నా, "లోపం లేదు" అన్నా ఒకటి కాదు.

అడుగున ఏం జరుగుతుంది? చెక్క పడవను టెరిడో అనే ఆల్చిప్పల జాతి జీవి లోపల నుంచి తొలిచేస్తుంది. పైకి సన్నని రంధ్రం మాత్రమే కనిపిస్తుంది. ఫైబర్‌గ్లాస్ పొరల్లోకి నీరు చేరితే పొక్కులు లేస్తాయి. పడవను నిలబెట్టే బరువైన కీల్‌ను బోల్టులు పట్టి ఉంచుతాయి. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని మీది క్రోమియం ఆక్సైడ్ పొర. ఆక్సిజన్ అందని తడి సందుల్లో ఆ పొర దెబ్బతిని, బోల్టు లోలోపల తుప్పు పడుతుంది.

2014 మే నెలలో చీకీ రాఫికీ అనే బ్రిటిష్ పడవకు అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయింది. నలుగురు నావికులు ప్రాణాలు కోల్పోయారు. అంతకుముందు అది పలుమార్లు నేలకు తగలడం, ఆపై జరిగిన మరమ్మతులు కలిసి నిర్మాణాన్ని బలహీనపరచి ఉండవచ్చని దర్యాప్తు సంస్థ పేర్కొంది.

మరి కొనేవారు ఏం చెయ్యాలి?

మొదట, నివేదికలో చూడలేదని రాసిన భాగాలనూ, అసలు ప్రస్తావనే లేని భాగాలనూ ఒక జాబితాగా రాసుకోవాలి. రెండవది, వాటి గురించి సర్వేయర్‌ను లిఖితపూర్వకంగా అడగాలి. మూడవది, పడవను గట్టెక్కించి, సుత్తితో తట్టి, తేమ మీటరుతో కొలిచి చూడమనాలి. అవసరమైతే రెండో సర్వేయర్‌ను పిలవాలి. అతన్ని అమ్మేవారు కాక, కొనేవారే ఎంచుకోవాలి. నాల్గవది, ఇదంతా తేలేవరకు పూర్తి సొమ్ము చెల్లించకూడదు. లోపం బయటపడితే మరమ్మతు ఖర్చును ధరలో తగ్గించమనాలి, లేదా ఆ పడవను వదులుకోవాలి.

రెండో పరీక్షకు ఖర్చవుతుంది, నిజమే. కాని నడిసముద్రంలో కీల్ ఊడితే, అక్కడ దాన్ని బాగుచేసే డాక్‌యార్డు ఉండదు.

మీ రేవులో పడవను గట్టెక్కించినప్పుడు పెద్దల అనుమతితో వెళ్లి చూడండి. నీటి గీతకు పైన, కింద కనిపించే తేడాలను నోటుపుస్తకంలో రాసుకోండి.