రక్త పరిశోధనశాలయందు సేవ
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



 నేను రక్త మూలకణములపై పరిశోధన జరుగు ప్రయోగశాలలో టెక్నీషియనుగా పనిచేయుచున్నాను. పనిలో చేరిననాడు మా మేనత్తగారు "నెత్తురు ముట్టు నుద్యోగము నీకేలరా?" యని కంటతడి పెట్టుకొనిరి. వారికి నాడు చెప్పజాలని సమాధానమును నేడు మీకు మనవి చేసికొందును.

మన దేహమునందలి యెఱ్ఱ రక్తకణ మించుమించు 120 దినములు మాత్రమే జీవించును. నశించినవానికి బదులుగా ఎముకల మూలుగయందు సెకనునకు సుమారు 20 లక్షల క్రొత్త కణములు పుట్టుచుండును. వీని కన్నిటికిని తల్లివంటివి మూలకణములు. కెనడా దేశపు టొరంటో నగరమున టిల్, మెకలక్ అను శాస్త్రజ్ఞు లిరువురు ఎలుకలపై చేసిన ప్రయోగములవలన వీని యునికిని 1961లో వెల్లడించిరి. చెడిన మూలుగకు మాఱుగా ఆరోగ్యవంతుల మూలుగ నెక్కించు చికిత్సకు మార్గదర్శకుడైన డోనల్ థామస్ పండితుడు 1990లో నోబెల్ బహుమానము నందిన వారిలో నొకడు. మన దేశమున నీ చికిత్స 1983లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలయందు ప్రారంభమయ్యెను.

ఇక నా నిత్యకృత్యము. దాత యిచ్చిన కణములకు రక్షక ద్రవ్యమును చేర్చి, నిమిషమునకు సుమారు ఒక డిగ్రీ చొప్పున చల్లార్చి, సున్నకు దిగువ 196 డిగ్రీల శైత్యముగల ద్రవ నత్రజనియందు భద్రపఱతుము. సి.డి. 34 అను చిహ్నముగల కణములను యంత్రముతో లెక్కింతుము. రోగి బరువున కిలోకు 20 లక్షలైనను లేనియెడల వైద్యులు సాధారణముగా చికిత్సకు సాహసింపరు. కొన్ని కణములను చిక్కని ద్రవమున నుంచి, పదునాలుగు దినములు వెచ్చగా కాపాడి, అవి గుంపులుగా పెరిగినవో లేదో సూక్ష్మదర్శినితో చూతుము. ఇందు మేధాశక్తి కంటె ఓరిమియే యెక్కువ కావలయును.

నా తొలి సంవత్సరమున జరిగిన యొక సంగతి దాచక చెప్పెదను. అన్నదమ్ముల రక్తము రెండు గొట్టములలో పరీక్షకు వచ్చెను. ఇంటిపే రొక్కటే, పేళ్ల మొదటి యక్షరమును ఒక్కటే. నేను తొందరపాటున సంఖ్య చూడక ఒకరి చీటి నింకొకరి గొట్టమునకు అంటింపబోతిని. నా ప్రక్కనున్న పెద్దావిడ చేయి పట్టుకొని యాపినది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాటినుండి ప్రతి సంఖ్యను రెండుమాఱులు బిగ్గరగా చదివి గాని గొట్టమును ముట్టను.

ఆ పరీక్ష దేనికనగా, దాతకును రోగికిని హెచ్.ఎల్.ఏ. అను కణచిహ్నములు కలియునా యని చూచుటకు. ఇవి తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. కావున తోబుట్టువులలో నొక్కొక్కరితో పూర్తిగా కలియుటకు నాలుగింట నొకపాలు మాత్రమే యవకాశము. ఇంట దొరకనిచో పరులలో వెదకవలయును. రక్తపు గ్రూపునకు కులము లేదు. ఒకే గ్రూపువాడు ఏ యూరివాడైనను రక్త మీయవచ్చును. ఈ చిహ్నములు వంశపరంపరతో వచ్చునవి. తరతరములుగా తమలో తాము వియ్యమందిన మనవంటి వారిలో, జబ్బుపడిన మన బిడ్డకు సరిపోవు దాత మనలోనే దొరకుటకు ఎక్కువ యవకాశము కలదు. మనము పేళ్లీయనిచో ఆ బిడ్డకు దిక్కెవ్వరు?

చెన్నపట్టణమున 2009లో స్థాపింపబడిన దాత్రి యను సంస్థ యిట్టి దాతల పట్టికను నడుపుచున్నది. పేరు వ్రాయించుకొనుటకు బుగ్గలోపల దూదిపుల్లతో తుడిచి యిచ్చిన చాలును. సరిపోయిననాడు సాధారణముగా కొన్ని దినములు సూదిమందు పుచ్చుకొని, పిమ్మట కొన్నిగంటలు యంత్రమునొద్ద కూర్చుండవలయును. మనమిచ్చినది ఏ కులమువారికి పోవునో మనకు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. మనకు వచ్చునదియు నట్టిదే. ఒక్క హెచ్చరిక: దానమునకు ముందు రోగి మూలుగను మందులతో నశింపజేయుదురు. ఆ దశలో దాత వెనుదీసిన రోగికి ప్రాణాపాయము. ఇంటివారితో చక్కగా నాలోచించి, నిలువగలవారే పేళ్లీయుడు.

కావున నా విన్నపములు రెండు. రాబోవు మహాసభయందు భోజనశాల ప్రక్కనే పేళ్లు నమోదుచేయు బల్ల నొకటి వేయింపుడు. మన విద్యార్థివేతనములలో నొకటి ప్రయోగశాల పని నేర్చు బీదవిద్యార్థికి కేటాయింపుడు.

మా మేనత్తగారు గతించి చాలకాలమైనది. నేడు వారుండినచో, అత్తా! ఈ నెత్తురు ముట్టుటవలన నొక తల్లి కంటతడి యాఱును అని చెప్పియుందును.