ఓటు తక్కువైన చోట లెక్కే అండ

(పలాసలో జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో మనం సాధారణంగా రిజర్వేషన్ల గురించో, వక్ఫ్ ఆస్తుల గురించో, ఉపకార వేతనాల గురించో మాట్లాడుకుంటాం. నేనీ రోజు ఎన్నుకున్న విషయం వాటితో పోలిస్తే చాలా చిన్నదిగా కనిపించవచ్చు. అది మన ఇంటి ముందున్న వీధి. ఆ వీధికి రోడ్డు ఎవరు మంజూరు చేస్తారు, ఎవరు వేస్తారు, వేసినది సరిగ్గా ఉందో లేదో ఎవరు కొలుస్తారు, బిల్లు ఎవరు చెల్లిస్తారు అన్నదే నా ప్రసంగ విషయం.

ఇది చిన్న విషయం కాదని 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ముస్లింల జనాభా అధికంగా ఉన్న అనేక గ్రామాల్లో పక్కా రోడ్లు, బస్సు సౌకర్యం వంటివి తక్కువగా ఉన్నాయని అది గుర్తించింది. వివక్ష అనేది ఉద్యోగ నియామకపు జాబితాలో మాత్రమే ఉండదు. ఎక్కడ సిమెంటు రోడ్డు ఆగిపోయి బురద మొదలవుతుందో అక్కడా ఉంటుంది. అయితే బురద ఉన్న ప్రతిచోటా వివక్షే కారణమని మనం అనలేము. కారణం ఏమిటో తేల్చేది లెక్క. ఆ లెక్కను చదవడం నేర్చుకోవాలన్నదే నా విన్నపం.

మన పరిస్థితి కొంత ప్రత్యేకమైనది. శ్రీకాకుళంలో 1641లో నిర్మించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. అంటే ఈ ప్రాంతంలో మన ఉనికి పాతదే. కాని సంఖ్య స్వల్పం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ముస్లింలు అర శాతానికి లోపే. గుంటూరులోనో, కర్నూలులోనో, కడపలోనో ఉన్న మన సోదరులు కొన్ని వార్డుల ఫలితాన్ని తమ ఓటుతో మార్చగలరు. పలాసలో, టెక్కలిలో, ఉద్దానం తీరంలో మనకు ఆ అవకాశం లేదు. 2008లో ప్రారంభమైన బహుళరంగ అభివృద్ధి పథకం మైనారిటీలు సాంద్రంగా ఉన్న జిల్లాలను ఎంచుకుంది. ఆ కొలబద్దకు కూడా మనం అందలేదు. చెదురుమదురుగా ఉన్నవారిని ఓటు లెక్కా పట్టించుకోదు, పథకాల లెక్కా పట్టించుకోదు. ఇక మనకు మిగిలిన లెక్క ఒక్కటే. అది ప్రభుత్వ ధనం ఎలా ఖర్చయిందన్న లెక్క. దాన్ని అడగడానికి సంఖ్యాబలం అవసరం లేదు. ఒక్క పౌరుడు చాలు.

ముందుగా ఒక రోడ్డు ఎలా పుడుతుందో చూద్దాం. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘంలో 2021 ఎన్నికల నాటికి 31 వార్డులున్నాయి. ఒక వార్డు నుంచి అర్జీ వస్తుంది. అసిస్టెంటు ఇంజనీరు స్థలాన్ని చూసి, ప్రభుత్వం ప్రకటించిన ప్రామాణిక ధరల పట్టిక ఆధారంగా అంచనా తయారు చేస్తాడు. కౌన్సిల్ తీర్మానంతో పరిపాలనా అనుమతి వస్తుంది. పని విలువను బట్టి తగిన స్థాయి ఇంజనీరు సాంకేతిక అనుమతి ఇస్తాడు. తరువాత టెండరు ప్రకటన. అంచనా విలువపై 5 శాతానికి మించి ఎక్కువ ధర వేసిన టెండరును మన రాష్ట్రంలో సాధారణంగా అంగీకరించరు. కాంట్రాక్టరు ధరావతు చెల్లించి ఒప్పందంపై సంతకం చేశాక పని మొదలవుతుంది. పని జరుగుతుండగా ఇంజనీరు కొలతల పుస్తకంలో, అంటే అందరూ ‘ఎం బుక్’ అని పిలిచే పుస్తకంలో, పొడవు, వెడల్పు, మందం నమోదు చేస్తాడు. పై అధికారి ఆ కొలతలను మళ్లీ సరిచూడాలి. అప్పుడే బిల్లు. బిల్లులో కొంత సొమ్మును మినహాయించి, లోపాల బాధ్యతా కాలం ముగిసేవరకు అట్టిపెడతారు. ఆ కాలంలో రోడ్డు పాడైతే కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగు చేయాలి.

ఇన్ని మెట్లు ఊరికే పెట్టలేదు. అంచనా వేసేవాడు ఒకడు, మంజూరు చేసేది ఒక సభ, పని చేసేవాడు మరొకడు, కొలిచేవాడు ఇంకొకడు కావాలన్నదే దీని వెనుకనున్న సూత్రం. అందరూ ఒకటైతే ఈ మెట్లన్నీ కాగితంపైనే మిగులుతాయి. ఒకే వీధి పనిని మూడు ముక్కలుగా చేసి, టెండరు అవసరం లేని చిన్న పనులుగా చూపించి నామినేషన్ మీద ఇచ్చేయడం ఒక పద్ధతి. పని ముందే పూర్తి చేసి, కౌన్సిల్ సమావేశంలో చివరి నిమిషంలో టేబుల్ అజెండాగా పెట్టి ఆమోదం పొందడం మరొక పద్ధతి. ఇటువంటి తీర్మానం చదివినప్పుడు మనం అడగవలసిన ప్రశ్న సులభమైనది: పని ఏ తేదీన మొదలైంది, అనుమతి ఏ తేదీన వచ్చింది?

కొలతల విషయం ఇంకా సులభం. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పదిహేను సెంటీమీటర్ల మందం గల సిమెంటు రోడ్డు అనుకోండి. దానికి 45 ఘనపు మీటర్ల కాంక్రీటు కావాలి. మందం పది సెంటీమీటర్లే వేస్తే పట్టేది 30 ఘనపు మీటర్లు. పైనుంచి చూస్తే రెండు రోడ్లూ ఒకేలా ఉంటాయి. కాని మూడో వంతు కాంక్రీటు మాయమైంది. ఆ రోడ్డు మీద జీడిపప్పు బస్తాల లారీ నాలుగు సార్లు తిరిగితే పగుళ్లు వస్తాయి. అప్పుడు మనం వర్షాన్ని తిడతాం, లారీని తిడతాం. రోడ్డు అంచున టేపు పెట్టి చూసినవారు మాత్రం ఎవరూ ఉండరు. ఐదో తరగతి చదివిన పిల్లవాడికి వచ్చిన లెక్క ఇది. మన మహల్లాలో పని జరిగే రోజున ఇద్దరు యువకులు టేపుతో నిలబడి, కొలతలు రాసుకుని, ఫోటో తీసుకుంటే చాలు. ఎవరితోనూ గొడవ పడనక్కరలేదు.

ఇక కౌన్సిల్ విషయం. మన పురపాలక చట్టం మైనారిటీ వర్గాల నుంచి సభ్యులను కో-ఆప్ట్ చేసుకునే ఏర్పాటు చేసింది. మండల, జిల్లా పరిషత్తులలోనూ అలాంటి స్థానాలున్నాయి. స్థానిక సంస్థల్లో మైనారిటీలకు ప్రాతినిధ్యం కల్పించడంలో ఆంధ్రప్రదేశ్ మార్గాన్ని ఇతర రాష్ట్రాలు అనుసరించవచ్చని సచార్ కమిటీయే సూచించింది. ఇది మనం గర్వించదగిన విషయమే. కాని కో-ఆప్షన్ సభ్యునికి ఓటు హక్కు లేదు. ఆ సభ్యుణ్ణి ఎన్నుకునేది మనం కాదు, గెలిచిన కౌన్సిలర్లు. అందుచేత ఆ పదవి చాలాచోట్ల పార్టీ విధేయతకు బహుమతిగా మారింది.

అయినా దాన్ని తేలికగా తీసుకోవద్దు. ఓటు లేకపోయినా మాట ఉంది. మాట్లాడింది మినిట్స్‌లో నమోదు కావాలని పట్టుబట్టవచ్చు. ప్రశ్నను రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. చెయ్యెత్తి ఊరుకున్న ఓటు ఆ పూటతో ముగుస్తుంది. మినిట్స్‌లో చేరిన ప్రశ్న మాత్రం ఆడిట్ అధికారి వచ్చిన రోజున కూడా అక్కడే ఉంటుంది. మన కో-ఆప్షన్ సభ్యులను సన్మానించే రోజున శాలువాతో పాటు ఒక ప్రశ్నల జాబితా కూడా వారి చేతిలో పెడదాం. ఏడాది తరువాత ఆ ప్రశ్నలు మినిట్స్‌లో ఉన్నాయో లేవో చూద్దాం.

మరొక సంగతి మీరు గమనించాలి. టెక్కలి రెవెన్యూ డివిజన్ కేంద్రమైనా పంచాయతీగానే కొనసాగింది. పంచాయతీ ప్రజలకు రాజ్యాంగం గ్రామసభను ఇచ్చింది. ఉపాధి హామీ నిధుల సామగ్రి వాటాతో ఉద్దానం గ్రామాల్లో వేసిన సిమెంటు రోడ్లకు సామాజిక తనిఖీ ఉండేది. ఊరి మధ్య మస్తరు, కొలతలు చదివి వినిపించేవారు. ఆ తనిఖీని రాష్ట్రవ్యాప్తంగా నడిపి మన ఉమ్మడి రాష్ట్రమే దేశానికి దారి చూపింది. మరి 2011లోనే 57 వేలకు పైబడిన జనాభా ఉన్న పలాస-కాశీబుగ్గ పౌరునికి ఏముంది? రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాలకే. పట్టణమయ్యాక మన ఊరి పన్ను పెరిగింది, సభ పోయింది.

2019లో 100 కోట్లు, అంతకు మించిన పనుల టెండర్లను న్యాయమూర్తి ముందుగా పరిశీలించాలని రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. తరువాత దాన్ని రద్దు చేశారు. ఉన్నన్నాళ్లూ కూడా అది మన వీధి దాకా రాలేదు. మన వీధి పని కొన్ని లక్షలది. దానికి న్యాయమూర్తీ లేడు, గ్రామసభా లేదు. ఉన్నది మనమే.

సభ లేకపోతే మనమే ఏర్పాటు చేసుకోవచ్చు. రాజస్థాన్‌లో 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే గ్రామంలో కూలీలు, రైతులు చేరి ప్రభుత్వ పనుల లెక్కలను బహిరంగంగా చదివించుకున్నారు. పని చేయనివారి పేర్లు, కట్టని కట్టడాల బిల్లులు అందరి ముందూ బయటపడ్డాయి. అటువంటి సభల నుంచే పెరిగిన ఉద్యమం 2005లో సమాచార హక్కు చట్టానికి దారి తీసింది. ఆ చట్టం కాగితం నకలు అడిగే హక్కుతో ఆగలేదు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు, ఆ తరువాత సమాచార కమిషన్.

అడిగేటప్పుడు ‘మా వీధికి అన్యాయం జరిగింది’ అని రాయకండి. దానికి ‘పరిశీలించబడును’ అనే సమాధానమే వస్తుంది. అంచనా నకలు, సాంకేతిక అనుమతి, ఒప్పందం, ఎం బుక్ పుటలు, నాణ్యతా పరీక్ష నివేదిక, లోపాల బాధ్యతా కాలం ముగిసే తేదీ, ఈ ఆరింటిని పేరుపేరునా అడగండి. గడచిన ఐదేళ్లలో వార్డువారీగా ఎంత ఖర్చయిందో కూడా అడగండి. మన వార్డుకు నిజంగా తక్కువ వచ్చిందా అన్నది ఆ పట్టికే చెబుతుంది. తక్కువ వస్తే మన ఫిర్యాదుకు ఆధారం దొరికినట్లే. రాకపోతే మన అనుమానాన్ని మనమే విడిచిపెట్టాలి. అందులో చిన్నతనం లేదు.

ఈ జాగ్రత్త ఉద్దానంలో మరీ అవసరం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు చెప్పనవసరం లేదు. హిరమండలం జలాశయం నుంచి మంచినీరు తెచ్చేందుకు 700 కోట్ల రూపాయల పథకం వచ్చింది. 2023 డిసెంబరులో దాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించారు. పెద్ద గొట్టం ప్రారంభోత్సవానికి నాయకులు వస్తారు. వీధి చివరి ఇంటి కుళాయికి ఎవరూ రారు. గొట్టం తగినంత లోతున వేశారా, మురుగు కాలువ పక్కనుంచే పోనిచ్చారా, తవ్విన రోడ్డును తిరిగి పూడ్చారా అన్నవి ఆ చివరి ఇంటివారే చూడాలి. ఇక్కడ నాసిరకం పని అంటే గతుకులతో పోయేది కాదు, అది ప్రాణంతో ముడిపడింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తీరాన్ని కూల్చివేసిన రోజులు గుర్తున్నాయి కదా! కాలువ లేని రోడ్డు, కల్వర్టు లేని దారి ఆనాడు ఎవరి మతాన్నీ అడగలేదు.

అందుకే చివరిగా రెండు మాటలు. మొదటిది, ఈ పని మనం ఒంటరిగా చేయవద్దు. మన వీధికి ఆనుకుని ఉన్న దళితవాడకు, మత్స్యకారుల పల్లెకు, జీడి కార్మికుల బస్తీకి కూడా ఇదే కష్టం. మనం తెప్పించిన ఎం బుక్ నకలు వారికీ చదివి వినిపిద్దాం. రెండవది, కాంట్రాక్టరు మనవాడైనా టేపు అదే, ప్రశ్న అదే. ప్రజాధనం అమానత్ అని మనం పిల్లలకు చెబుతాం. మనవాడి దగ్గర కొలత తగ్గినప్పుడు మౌనంగా ఉంటే, పరాయివాడిని అడిగే అర్హత పోతుంది.

రాబోయే నెలలో ప్రతి మసీదు కమిటీ తన వీధిలో ఇటీవల జరిగిన ఒక్క పనిని ఎంచుకుని, ఒక్క దరఖాస్తు వేయాలని కోరుతున్నాను. సమాధానాలతో మళ్లీ ఇక్కడే కూర్చుందాం. ఆ రోజు ప్రసంగాలు వద్దు, ఎం బుక్ పుటలే చదువుకుందాం.