మన పనీరు, వాళ్ల కేసో

 

మెక్సికో చీజు గురించి పాతపట్నంలో ఉపన్యాసమేమిటని వెనక వరసలో ఎవరో నవ్వారు. న్యాయమే! కానీ సరిహద్దు వ్యాపారం మనకు తెలియనిదా? 1936లో పక్కనున్న పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది, మనం మద్రాసు వైపే ఉండిపోయాం. అటువాళ్ల మిఠాయికి విరిగిన పాలతో చేసే ఛెనా ప్రాణం, మనకు పాలకోవా. అయినా సరుకు అటూ ఇటూ నడుస్తూనే ఉంది.

ఇక మెక్సికోవాళ్లు కేసో బ్లాంకో అనే చీజు ఎలా చేస్తారో వినండి. పాలు 80 డిగ్రీలు దాటేదాకా కాచి నిమ్మరసమో వెనిగరో పోస్తారు. విరిగినదాన్ని గుడ్డలో వడగట్టి, ఉప్పు కలిపి, పైన బరువు పెడతారు. ఆ ఉప్పొక్కటి తీసేస్తే మన పనీరే. పులుపుతో విరిగింది గనక పెనం మీద కరిగిపోదు, ఎర్రగా వేగుతుంది. అమెరికాలో పనీరు దొరకని ఊళ్లలో ఉన్న మనవాళ్లు మెక్సికన్ కొట్టుకెళ్లి ఇదే తెచ్చుకుని పాలకూరలో వేసుకుంటారు. కాలిఫోర్నియాలో కరూన్ డెయిరీస్ అనే సంస్థ ‘గోపి’ పేరుతో మనకు పనీరూ, ఇంకో పేరుతో మెక్సికోవాళ్లకు కేసో కూడా అమ్మింది. తెలివైన వ్యాపారం!

అన్ని కేసోలూ ఇలాంటివి కావు. కేసో ఫ్రెస్కోను ఎక్కువగా రెన్నెట్ అనే ఎంజైముతో పేరబెడతారు, నలిపితే పొడిపొడిగా రాలుతుంది. ఒహాకా చీజును వేడినీళ్లలో సాగదీసి నూలు ఉండలా చుడతారు. కోతిహాను నెలల తరబడి ఆరనిస్తారు, అది ఎంత దూరమైనా పోతుంది. చిక్కంతా త్వరగా పాడయ్యే తడి చీజుతోనే. అందుకే అది పెద్దగా ఓడలెక్కలేదు, తినేవాళ్లు ఎక్కడికి వలసపోతే అక్కడే పుట్టింది. 1973లో కాలిఫోర్నియాలో కాసీకే అనే చీజు కంపెనీ పెట్టింది క్యూబా నుంచి వచ్చిన కుటుంబమే. 1994 నాటి నాఫ్టా వాణిజ్య ఒప్పందంతో అమెరికా, మెక్సికోల మధ్య సుంకాలు తగ్గుతూ వచ్చాక వ్యాపారం రెండోవైపుకీ తిరిగింది. ఇవాళ అమెరికా చీజును అందరికంటే ఎక్కువగా కొనేది మెక్సికోయే.

ఇక 1985 సంగతి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మెక్సికన్ రకం తడి చీజు తిని 142 మంది జబ్బుపడ్డారు. కడుపులోని పిండాలూ పసికందులతో కలిపి 48 ప్రాణాలు పోయాయి. కారణం లిస్టీరియా అనే క్రిమి. పాశ్చరైజ్ చెయ్యని పాలు కలిసి ఉంటాయని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు. ఫ్రిజ్‌లో పెట్టాం కదా అని ధీమా పడకండి, ఇది ఆ చలిలోనూ పెరుగుతుంది. గర్భిణుల మీదే దీని దెబ్బ ఎక్కువ. పాలు పట్టే బిందె దగ్గర్నుంచి వడగట్టే గుడ్డదాకా శుభ్రం గురించి నేను విసిగించేది ఇందుకే.

పేర్ల కొట్లాటలూ తక్కువేం కావు. మాంచెగో అంటే స్పెయిన్‌లో లా మాంచా గొర్రెల పాల చీజు. మెక్సికోలో అదే పేరుతో ఆవుపాలది అమ్ముతారు. యూరోపుతో వాణిజ్య చర్చల్లో ఇది పెద్ద పేచీ అయింది. మన పక్కనే రసగుల్లా మీద జరగలేదూ? 2017లో బెంగాల్‌కి, 2019లో ఒడిశాకి, ఎవరి రకానికి వాళ్లకు భౌగోళిక గుర్తింపు ఇచ్చి సర్దేశారు.

నన్నడిగితే పేరు తగవు కంటే లోపలి సరుకు తగవే పెద్దది. 2020 అక్టోబరులో మెక్సికో ప్రభుత్వం ఇరవైకి పైగా చీజుల అమ్మకం ఆపించింది. లేబుల్ మీద చెప్పేదొకటి, లోపల ఉండేదొకటి. కొన్నింట్లో పాలకొవ్వు బదులు నూనె! మన బజార్లో పామాయిల్ ముద్దను పనీరంటూ కట్టబెడుతున్నవాళ్లు లేరా? పనీరులో తేమ 60 శాతం మించకూడదు, ఎండు పదార్థంలో సగానికి తగ్గకుండా పాలకొవ్వు ఉండాలి. ఇది మన దేశపు నియమం. నూనె కలిపితే ఆ సంగతి లేబుల్ మీద చెప్పి తీరాలి.

గేదెపాలు ఇంత చిక్కగా ఉన్న మనం, ఆ నూనె ముద్ద ధరతో పోటీపడి పనీరు రేటు తగ్గించుకుంటే నష్టం మనకే. ముందు మూడు నాలుగు పాలకేంద్రాలు కలిసి ఒక చిల్లింగ్ గది, ఒక పరీక్ష బల్ల పెట్టుకుని, తయారీ తేదీ వేసి పర్లాకిమిడి బజారులో అమ్మి చూడండి. ఖర్చు లెక్కలు రాసుకొచ్చాను, కావలసినవాళ్లు భోజనాల దగ్గర అడగండి.