జెనీవాకి మన గోడు ఎందుకు?

(అంబేడ్కర్ జయంతి నాడు గూడెంలో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక సభ మొదలవక ముందు ఒక పెద్దాయన నన్నడిగాడు: "మాస్టారూ, మండలంలో ఉన్న ఎస్సైయే మన కేసు రాసుకోడు. సముద్రాల అవతల జెనీవాలో కూర్చున్నోళ్ళు మనకేం ఒరగబెడతారు?" న్యాయమైన ప్రశ్న. దానికే ఇవాళ జవాబు చెప్పుకుందాం.

ఈ దారి మనకు చూపించింది బాబాసాహెబే. 1946లో ఆయన అమెరికా నల్లజాతి నాయకుడు డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. అక్కడి నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతులు పంపమని అడిగారు. డుబాయిస్ జవాబూ రాశారు. ఐక్యరాజ్యసమితి పుట్టి అప్పటికి ఏడాది కూడా నిండలేదు! మరుసటి ఏడాది 'రాజ్యాలు - మైనారిటీలు' అనే పత్రంలో, అంటరానివాళ్ళూ మైనారిటీయేననీ, మిగతా మైనారిటీల కన్నా వీళ్ళ స్థితి అధ్వాన్నం గనక అదనపు రక్షణలు కావాలనీ వాదించారు. మైనారిటీ అంటే తలల లెక్క ఒక్కటే కాదు, బలం లెక్క కూడా.

1992లో ఐక్యరాజ్యసమితి మైనారిటీల హక్కుల ప్రకటన చేసింది. అందులో మత మైనారిటీలున్నారు, భాషా మైనారిటీలున్నారు. కులం అన్న మాట లేదు. మరి మనకు తలుపెక్కడ? 1965 నాటి జాతి వివక్ష నిర్మూలన ఒడంబడికలో ఉంది. జాతి, రంగు అన్న మాటల పక్కనే 'వంశం' అన్న మాట ఉంది. అంటే పుట్టుక. ఆ మాట చేర్చాలని ప్రతిపాదించింది ఎవరో తెలుసా? మన భారత ప్రభుత్వమే! 1968లో ఆ ఒడంబడికను ఆమోదించింది కూడా.

పుట్టుక వివక్ష అంటే ఏంటో నా అనుభవం ఒకటి చెబుతాను. కొత్తగా ఉద్యోగం వచ్చి ఒక ఊళ్ళో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నాను. ఇంటాయన నా డిగ్రీ అడగలేదు, జీతం అడగలేదు. ఇంటిపేరు అడిగాడు, నాన్న పేరు అడిగాడు. ఆ తర్వాత "ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ" అన్నాడు. నెల రోజుల దాకా ఆ ఇంటికి తాళం అలాగే ఉంది. ఇదే ఆ మాటకు అర్థం.

1996లో ఒడంబడిక కమిటీ భారత్ నివేదికను పరిశీలించి, వంశం అన్న మాటలో కులం కూడా వస్తుందని తేల్చింది. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ మహాసభకు దళితులు వెళ్ళి నినదించారు. కులం జాతి కాదు, అది మా ఇంటి విషయం అంది ప్రభుత్వం. అయినా 2002లో కమిటీ 29వ సాధారణ సిఫార్సు చేసి, కులం ఆ ఒడంబడిక కిందికే వస్తుందని మళ్ళీ స్పష్టం చేసింది. 2006 డిసెంబర్‌లో ప్రధాని మన్మోహన్ సింగ్ అంటరానితనాన్ని దక్షిణాఫ్రికా వర్ణవివక్షతో పోల్చారు. రెండు నెలలు తిరక్కుండా జెనీవాలో ఆయన ప్రభుత్వమే కులం ఈ ఒడంబడిక కిందికి రాదని వాదించింది. ఇంట్లో ఒక మాట, బయట ఒక మాట!

అయితే నేను మీకు అబద్ధం చెప్పను. ఆ కమిటీ కోర్టు కాదు. దానికి పోలీసుల్లేరు, జైళ్ళు లేవు. ఒక్క మనిషి నేరుగా ఫిర్యాదు పెట్టుకోవాలంటే 14వ అధికరణం కింద మన ప్రభుత్వం ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు.

మరి ఎందుకు వెళ్ళాలి? చుండూరు గుర్తు తెచ్చుకోండి. 1991 ఆగస్టు 6న మనవాళ్ళను చంపారు. పోరాడి పోరాడి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఇంటి తీర్పే చివరి మాట అయితే మన గోడు అక్కడితో సమాధి అయినట్టే. బయట ఒక సాక్షి ఉంటే ప్రభుత్వం పదిమంది ముందు సంజాయిషీ చెప్పుకోవాలి. జెనీవా మనకు తీర్పరి కాదు, సాక్షి.

ఆ సాక్షి ముందు కన్నీళ్ళు చాలవు, కాయితాలు కావాలి. ప్రభుత్వం తన నివేదిక ఇచ్చినప్పుడు సంఘాలు తమ నివేదిక ఇవ్వొచ్చు. అందులోకి ఎక్కేది మన గూడెం సంగతే. అందుకని మూడు పనులు చేయండి. ఏ దౌర్జన్యం జరిగినా తేదీ, టైము, చూసినవాళ్ళ పేర్లు అదే రోజు నోటుబుక్కులో రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఎస్సై రాసుకోకపోతే ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. చదువురాని అక్కల తరఫున చదువుకున్న పిల్లలు రాయాలి. అందుకే గదా మనం బడికి పోయింది!

బాబాసాహెబ్ అడిగింది కూడా ఒక కాయితమే, ఒక అర్జీ నకలు. మన అర్జీ మనమే రాసుకుందాం.

జైభీమ్!