మన బొటనవేలు ఎవరి సొమ్ము?

(నవీపేట్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



శనివారం మన నవీపేట్ మేకల సంతకు పోయినోళ్లందరికీ తెలుసు. మేకను కొన్నోడు దాని వీపు మీద రంగు గుర్తు వేసి తోలుకపోతడు. గుర్తు మేక మీద ఉంటది, లెక్క కొన్నోని దగ్గర ఉంటది. మేకను ఎవరూ అడగరు. ఇయ్యాల మనం మాట్లాడేది మన మీద పడ్డ గుర్తు గురించి, మన బొటనవేలు గురించి.

వేలిముద్ర మనకు కొత్త కాదు. మన తాతలు దొర గడిలో, షావుకారి అరుగు మీద నిశాని పెట్టిండ్రు. కాగితంలో ఏం రాసి ఉందో చదవరాలేదు. చిన్న అప్పుకు తరాల తరబడి జీతముండిండ్రు. అందుకే మనం పస్తులుండి పిల్లల్ని బడికి పంపినం, సంతకం నేర్చుకున్నం. సంతకం నేర్చిన చేతిని ఇప్పుడు మళ్లీ బొటనవేలు దగ్గరికే తెచ్చిండ్రు. రేషన్ బియ్యానికి వేలు, పింఛనుకు వేలు, ఉపాధి కూలి పైసలు తీసుకోవాలంటే వేలు. బీడీలు చుట్టి, చెరుకు నరికి గీతలు అరిగిపోయిన అక్కలను చూసి మిషను ఏమంటది? నువ్వు నువ్వు కాదంటది! కష్టం చేసినందుకు ఇదా శిక్ష?

పోనీ, మనం ఇచ్చిన వేలిముద్ర భద్రంగా ఉన్నదా? 2018 జూన్‌లో బయటపడ్డ సంగతి వినండి. పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒకడు ఉన్నడు. కంపెనీ పెట్టిన అమ్మకాల లెక్క తీర్చుకోవాలె. భూమి రిజిస్ట్రేషన్ పత్రాలు సర్కారు వెబ్‌సైట్‌లోనే దొరికినయి. వాటి మీద రైతుల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉన్నయి. రబ్బరు స్టాంపులు చేసే మిషనుతో ఆ వేళ్లను అచ్చుపోసిండు. ఆ రబ్బరు వేళ్లతో పరాయి పేర్ల మీద సిమ్‌లు తెరిచిండు. తర్వాత ఇదే ఎత్తుతో చాలా రాష్ట్రాల్లో బ్యాంకు ఖాతాలు ఊడ్చిండ్రు. ఎందుకంటే ఆధార్ ద్వారా పైసలు తీసే పద్ధతిలో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. కార్డు అక్కర్లేదు, రహస్య నంబరు అక్కర్లేదు. రబ్బరు వేలిని పట్టే పరీక్షను ఆధార్ సంస్థ 2023లో గట్టి చేసింది. దొంగలు పడ్డంక కదా!

రబ్బరు వేలు లేకుండా కూడా మోసం జరుగుతది. మా వాడలో ఒక అక్క కూలి పైసలు తీయడానికి పోయింది. "పడలేదు, మళ్లీ పెట్టు" అని మూడుసార్లు పెట్టించిండ్రు. చేతికి ఇచ్చింది ఒక్కసారి పైసలు. ఖాతాలో పోయింది రెండుసార్లవి. రశీదు అడగలేదు కాబట్టి సాక్ష్యం లేదు. తాళం పోతే తాళం మారుస్తం. వేలు దొంగలపాలైతే కొత్త వేలు యాడికెల్లి తేవాలె?

ఈ ప్రశ్నను మనోడే సుప్రీంకోర్టు దాకా తీసుకపోయిండు. కోలార్ బంగారు గనుల దగ్గర, మలం ఎత్తే పనికి కట్టేసిన తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్. పాన్ కార్డుకు ఆధార్ తప్పనిసరి చేసిన చట్టం మీద 2017లో కేసు వేసినవాళ్లలో ఆయన ఒకరు. మా శరీరం మాది, బలవంతంగా వేలిముద్ర ఎట్ల తీసుకుంటరని ఆ కేసులో అడిగిండ్రు. మనిషికి తన ఒంటి మీద సంపూర్ణ హక్కు ఉందనేది భ్రమ అని కేంద్రం తరపున అటార్నీ జనరల్ వాదించిండు. ఈ మాట మనం ఎక్కడ విన్నం? మన ఒళ్లు మనది కాదని ఊరు వందల ఏండ్లు చెప్పింది కదా!

ఆ కేసు గెలవలేదు. కాని అదే ఏడాది ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాట మీద తీర్పు ఇచ్చిండ్రు: గోప్యత ప్రాథమిక హక్కు. 2018 సెప్టెంబర్ 26 తీర్పు బియ్యానికి, పింఛనుకు ఆధార్ అడగొచ్చన్నది. 2023లో వచ్చిన సమాచార రక్షణ చట్టం కూడా, రాయితీలు, పథకాలు ఇచ్చే పేరుతో సర్కారు తీసుకుంటే మన ఒప్పుకోలు అక్కర్లేదని దారి విడిచింది. అంటే ఉన్నోనికి గోప్యత, లేనోనికి క్యూ!

మరి మనం చేయాల్సిందేంది?

ఒకటి, రశీదు లేకుండా రెండోసారి వేలు పెట్టొద్దు. "పడలేదు" అంటే పడలేదన్న చీటీ ఇయ్యమనాలె.

రెండు, పైసలు పోతే ఏడ్చుకుంట ఇంట్ల కూసోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలె, బ్యాంకులో రాతపూర్వకంగా ఇయ్యాలె. తప్పు మనది కానప్పుడు, మూడు పనిదినాల్లో చెబితే నష్టం మన మీద పడొద్దని రిజర్వ్ బ్యాంకు 2017లోనే చెప్పింది.

మూడు, ఆధార్ యాప్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. కాని తాళం వేస్తే దొంగా రాడు, బియ్యమూ రావు. అవసరమున్నప్పుడు కాసేపు తెరుచుకోవాలె. చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వాడలో కూసొని ముసలోళ్లకు ఈ పని చేసిపెట్టాలె.

నాలుగు, వేలు పడలేదని ఎవరినీ ఉత్త చేతుల తిప్పి పంపొద్దని ఆధార్ సంస్థే 2017 అక్టోబర్‌లో సర్క్యులర్ ఇచ్చింది. ఆ కాగితం చేత పట్టుకొని గుంపుగా పోదాం. ఒక్కరు పోతే బతిమాలినట్టుంటది, పదిమంది పోతే అడిగినట్టుంటది.

ఏకలవ్యుని బొటనవేలు గురువు అడిగి తీసుకున్నడు. మనల్ని అడగకుండనే తీసుకుంటున్నరు. ఇక అడగాల్సింది మనం: ఎందుకు తీసుకున్నవు, ఎక్కడ దాచినవు, పోతే జవాబు ఎవరు చెప్తరు?

సంతలో మేక అడగదు. మనం మేకలం కాదు.

జై భీమ్!