పుల్ల ఐసు, అమ్మమ్మ ఫ్రీజరు, ఎనిమిది గ్లాసులు

ఎండలు ఎలా ఉన్నాయని అడగను, అందరం ఒకే కుంపటి మీద ఉన్నాం. ఈ ఎపిసోడ్‌లో పండ్లతో ఇంట్లో చేసుకునే ఐసు గురించి మాట్లాడుకుందాం. ఎలా చేయాలో చెప్తా, మనం చేస్తే అది రాయిలా ఎందుకు అవుతుందో కూడా చెప్తా. మధ్యలో వేసవి సెలవుల కబుర్లు కూడా వస్తాయి. ఈ రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు మరి.

ముందు ఐసు బండి. సైకిలు వెనక కట్టిన పెట్టె, దాని మూత టపటపా కొట్టే చప్పుడు గుర్తుందా? సరిగ్గా ఇంట్లో పెద్దవాళ్ళు భోంచేసి కునుకు తీసే టైముకే వచ్చేవాడు. ఆరెంజ్ ఐసు, ద్రాక్ష ఐసు, పాల ఐసు. డబ్బులు కాస్త ఎక్కువుంటే సేమ్యా ఐసు. అందులో సేమ్యా అంతా కొసకే చేరి ఉండేది. మొదటి రెండు కొరుకుల్లో సేమ్యా అయిపోయేది, ఆ తర్వాత పుల్ల దాకా ఒట్టి పాలే. ఎందుకంటారా? అచ్చులో కొస కిందకి ఉంటుంది. బరువుగా ఉన్న సేమ్యా గడ్డకట్టేలోపే అడుక్కి దిగిపోతుంది. చిన్నప్పుడు మాత్రం ఐసు అబ్బాయి మోసం చేశాడనే అనుకునేవాళ్ళం.

ఈ పుల్ల ఐసు పుట్టుక కూడా ఒక పిల్లాడి కథే. 1905లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రాంక్ ఎపర్సన్ అనే పదకొండేళ్ళ కుర్రాడు సోడా పొడి కలిపిన గ్లాసుని, కలిపిన పుల్లతో సహా, రాత్రి వరండాలో వదిలేశాడట. తెల్లారేసరికి చలికి అది గడ్డకట్టింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అంటే ఈ వస్తువు మొదట తయారైంది ఫ్యాక్టరీలో కాదు, ఒక ఇంటి గ్లాసులో.

మా ఇంట్లో కూడా గ్లాసులోనే. బండి ఐసు అంటే అమ్మకి భయం. అవి ఏ నీళ్ళో ఏమో అనేది. ఆ భయంలో న్యాయం ఉంది. గడ్డకడితే క్రిములన్నీ చచ్చిపోతాయని చాలామంది అనుకుంటారు. అలా ఏం జరగదు. చాలావరకు అవి కదలకుండా ఉండిపోతాయి, కరిగి కడుపులోకి వెళ్ళాక మళ్ళీ లేస్తాయి. అందుకని ఇంట్లో చేసేటప్పుడు కూడా కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి. పండ్లు కడిగి కోయండి.

మా అమ్మమ్మది నూజివీడు దగ్గర పల్లెటూరు. నూజివీడు అంటే చిన్న రసాలు, పెద్ద రసాలు. కోసుకుని ముక్కలు తినే మామిడి కాదది. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోట్లో పెట్టుకుని పీల్చే మామిడి. అయితే ఈ పండుకి ఆయుష్షు తక్కువ. మగ్గిన రసం రెండు మూడు రోజులు దాటితే పాడైపోతుంది. గంపెడు పండ్లు ఒకేసారి మగ్గితే ఏం చేస్తారు? ఫ్రిజ్‌లు లేని రోజుల్లో రసం తీసి, చాప మీద పొరలు పొరలుగా ఎండబెట్టి తాండ్ర చేసేవాళ్ళు. ఆత్రేయపురం లాంటి ఊళ్ళలో ఇప్పటికీ చేస్తున్నారు. అది ఎండతో దాచడం. ఫ్రిజ్ వచ్చాక అమ్మమ్మ చలితో దాచడం మొదలుపెట్టింది.

ఒంటి తలుపు ఫ్రిజ్, పైన చిన్న ఫ్రీజరు. అందులో స్టీలు గ్లాసులు ఎనిమిది పట్టేవి. సెలవులకి చేరే మనవలం కూడా ఎనిమిది మందిమి. పొద్దున్నే రసం పిండి, గ్లాసుల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక చెంచా గుచ్చి పెట్టేది. సాయంత్రం దాకా ఫ్రిజ్ తలుపు తీయకూడదు. మధ్యలో కరెంటు పోతే ఇల్లంతా గోల. ఎవడో ఒకడు చూసొస్తానని వెళ్ళి, స్టీలు గ్లాసుకి నాలుక అంటించుకుని వచ్చేవాడు.

సరే, ఇప్పుడు అసలు పనిలోకి దిగుదాం. నలుగురికి మామిడి ఐసు. నాలుగు చిన్న రసాలు తీసుకోండి. దొరక్కపోతే రెండు బంగినపల్లి. గుజ్జు తీసి పీచు ఉంటే వడకట్టండి. దాంట్లో అరకప్పు నీళ్ళు, రెండు మూడు చెంచాల పంచదార, సగం నిమ్మకాయ రసం, చిటికెడు ఉప్పు వేసి కలపండి. రుచి చూసినప్పుడు తీపి కొంచెం ఎక్కువైందే అనిపించాలి. చల్లటి వాటిలో నాలుకకి తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి గడ్డకట్టాక సరిపోతుంది. గ్లాసు నిండా పోయకండి, ముప్పావు చాలు. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. గంటాగి, కాస్త చిక్కబడ్డాక పుల్ల గుచ్చితే పక్కకి వాలదు. ఆరు నుంచి ఎనిమిది గంటలు వదిలేయండి. తీసేటప్పుడు గ్లాసుని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పండి, ఐసు దానంతటదే జారి వస్తుంది.

ఇక రాయిలా ఎందుకవుతుంది? నెమ్మదిగా గడ్డకడితే లోపల ఐసు పలుకులు పెద్దవవుతాయి, పళ్ళ కింద గరగరలాడతాయి. త్వరగా గడ్డకడితే పలుకులు చిన్నగా ఉండి మెత్తగా ఉంటుంది. ప్లాస్టిక్ కంటే స్టీలులోంచి వేడి త్వరగా బయటికి పోతుంది, అందుకే అమ్మమ్మ స్టీలు గ్లాసు మంచిది. కరెంటు పోయి సగం కరిగి మళ్ళీ గడ్డకడితే పలుకులు ఇంకా పెద్దవవుతాయి. తలుపు తీయొద్దన్న రూలు వెనక ఉన్న సైన్సు ఇదే. రెండోది పంచదార. నీళ్ళు పూర్తిగా గట్టిపడకుండా అది అడ్డుపడుతుంది. మరీ తక్కువైతే రాయి, మరీ ఎక్కువైతే అసలు గట్టిపడదు.

పుచ్చకాయలో నీళ్ళెక్కువ కాబట్టి అది తొందరగా రాయవుతుంది. ఆ రసాన్ని వెడల్పాటి గిన్నెలో పోసి ఫ్రీజర్లో పెట్టి, అరగంటకోసారి ఫోర్కుతో గీకండి. మంచు పొడిలా వస్తుంది, చెంచాతో తినొచ్చు. బాగా మగ్గిన అరటిపండ్లని చక్రాల్లా కోసి రాత్రంతా ఫ్రీజర్లో ఉంచి, పొద్దున మిక్సీలో తిప్పండి. పాలు, క్రీము ఏమీ లేకుండానే ఐస్‌క్రీమ్‌లా వస్తుంది. ముంజలు దొరికితే ముక్కలు చేసి కొబ్బరి నీళ్ళలో వేసి పెట్టండి. ద్రాక్షపండ్లయితే కడిగి, తుడిచి, అలాగే పెట్టేయడమే. చిన్నపిల్లలకి మాత్రం నిలువుగా చీల్చి ఇవ్వండి, గుండ్రంగా ఉన్నది గొంతులో అడ్డం పడుతుంది. పచ్చి అనాసపండుని పాలల్లో కలపకండి, చేదెక్కుతుంది.

హాస్టల్లో ఉన్నాం, ఫ్రీజరు లేదంటారా? దానికీ దారుంది. పెద్ద జిప్ కవర్లో ఐసుముక్కలు, రెండు గుప్పెళ్ళ రాళ్ళుప్పు వేయండి. చిన్న జిప్ కవర్లో పండు గుజ్జు పోసి, గట్టిగా మూసి, పెద్దదాంట్లో పెట్టండి. తువ్వాలు చుట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఊపండి. తువ్వాలు తప్పనిసరి, ఎందుకంటే ఉప్పు కలిసిన ఐసు ఇంట్లో ఫ్రీజరు కంటే చల్లగా, మైనస్ 21 డిగ్రీల దాకా వెళ్ళగలదు. ఉత్త చేతుల్తో పట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. కుల్ఫీ బండి వాళ్ళ కుండలో జరిగేది కూడా ఇదే.

ఇప్పుడు ఎనిమిది గ్లాసుల దగ్గరికొద్దాం. అన్ని సెలవుల్లోనూ అమ్మమ్మ ఒక్కసారి కూడా ఐసు తినగా నేను చూడలేదు. ఒక ముక్క తినమంటే "నాకొద్దులేవే, పళ్ళు జివ్వుమంటాయి" అనేది. మేమూ సరే అనుకునేవాళ్ళం. పెద్దవాళ్ళకి ఐసు పడదు, అది ప్రపంచ నియమం అన్నట్టు.

పోయిన వేసవిలో నేను ఒక్కదాన్నే వెళ్ళాను. మిగతా ఏడుగురిలో ఇద్దరు వేరే దేశంలో ఉన్నారు, ఇద్దరికి పరీక్షలు, ముగ్గురికి సెలవు దొరకలేదు. చెట్టు కాయలు మాత్రం ఎప్పట్లాగే కాసింది. నేనే రసం పిండి రెండు గ్లాసులు పెట్టాను. సాయంత్రం ఒకటి అమ్మమ్మ చేతికిచ్చాను. అరుగు మీద కూర్చుని, కొరుక్కుని మరీ, చివరిదాకా తిన్నది. పళ్ళు జివ్వుమనలేదా అమ్మమ్మా అంటే నవ్వి, "అప్పుడు తొమ్మిదో గ్లాసు పట్టేది కాదుగా" అంది.

నాకు అప్పుడు అర్థమైంది. మనం రీల్స్‌లో చూసి "ఆ రోజులే వేరు" అని షేర్ చేసుకునే వేసవి ఊరికే రాలేదు. పొద్దున్నే లేచి పిండినవాళ్ళు ఉన్నారు, తలుపు దగ్గర కాపలా కాసినవాళ్ళు ఉన్నారు, తమ గ్లాసు మనకిచ్చి పళ్ళ మీదకి నెట్టేసినవాళ్ళు ఉన్నారు. ఇప్పుడు ఫోన్లో నొక్కితే పది నిమిషాల్లో ఐస్‌క్రీమ్ వస్తుంది. నేనూ తెప్పించుకుంటాను, అందులో తప్పేం లేదు. కాకపోతే అలా వచ్చినదాని కోసం ఎవరూ సాయంత్రం దాకా ఎదురుచూడరు, ఎవరికి ఎంత అని పోట్లాడుకోరు. మన అక్క పిల్లలకి, పక్కింటి బుడ్డోళ్ళకి అలాంటి సాయంత్రం ఒకటైనా ఉండాలంటే ఆ రసం పిండాల్సింది ఇక మనమే. అమ్మమ్మల వంతు అయిపోయింది.

రసాలు ఇంకొన్ని వారాలే ఉంటాయి. ఈ ఆదివారం ఒకసారి చేసి చూడండి. మీ ఫ్రీజర్లో ఎన్ని గ్లాసులు పడతాయో ముందే లెక్కపెట్టుకోండి, పెద్దవాళ్ళవి కూడా కలిపి. చాలకపోతే రెండు వాయిలుగా పెట్టండి. మొదటి వాయి వాళ్ళకి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.