లింక్ ఒక్కచోట మారిస్తే చాలు

కాలేజీ సైట్‌లో ఎగ్జామ్ టైమ్‌టేబుల్ పీడీఎఫ్ మారిందనుకోండి. హోమ్ పేజీలో కొత్తది పెడతారు, నోటీసుల పేజీలో పాతదే ఉండిపోతుంది. ఆ పాతది చూసుకున్నవాడు ఎగ్జామ్ అయిపోయాక వెళ్తాడు. పాపం, వాడి తప్పేముంది?

అందుకే నేనైతే పేజీల్లో ఫైల్ అసలు అడ్రస్ పెట్టను. ఎప్పటికీ మారని చిన్న అడ్రస్ ఒకటి అన్ని పేజీల్లో ఇస్తా. అది ఏ ఫైల్‌కి వెళ్లాలో సర్వర్‌లో ఒక్క రీడైరెక్ట్ లైన్ చెప్తుంది. పీడీఎఫ్ మారితే ఆ లైన్ మారుస్తా, అంతే. కానీ 301 కాదు, 302 వాడండి. 301 అంటే పర్మనెంట్. బ్రౌజర్ దాన్ని గుర్తుపెట్టుకుని, మీరు మార్చినా పాత ఫైల్‌కే తీసుకెళ్లొచ్చు.

సర్వర్ మీ చేతిలో లేదా? ఫైల్ గూగుల్ డ్రైవ్‌లో ఉంటే డిలీట్ చేసి మళ్లీ అప్‌లోడ్ చేయకండి, లింక్ మారిపోతుంది. మేనేజ్ వెర్షన్స్‌లో కొత్తది ఎక్కించండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత లింక్ కూడా కొత్త పీడీఎఫ్‌నే చూపిస్తుంది.